సబ్‌వూఫర్ కలిపేటప్పుడు వైరు ఎక్కడి నుంచి, ఒకటా రెండా: స్లాబ్ ఇళ్లవాళ్లకు ఒక పోలిక

మిర్యాలగూడ మిత్రుడొకడు పోయిన నెల సబ్‌వూఫర్ (అడుగు స్వరాలు మాత్రమే వాయించే స్పీకర్ పెట్టె, వాడుకలో సబ్) గురించి ఫోన్ చేశాడు. అడిగిన మొదటి ప్రశ్న, "అన్నా, సబ్ పెడితే డీజే లెక్క ఉంటదా?" డీజే లెక్క ఉంటే పెట్టినోడిదే తప్పు అన్నాను. అతని దగ్గర మంచి ఇంటిగ్రేటెడ్ యాంప్ (వాల్యూమ్ చూసే ప్రీ భాగం, స్పీకర్లను నడిపే పవర్ భాగం ఒకే డబ్బాలో ఉన్నది), దానికి తగ్గ బుక్‌షెల్ఫ్ (అరలో పట్టే చిన్న) స్పీకర్లు ఉన్నాయి. రెండూ కలిపితే ఒక సెకండ్‌హ్యాండ్ కారు వస్తుంది. అయినా పాట అడుగున ఏదో ఖాళీగా ఉందని బాధ. సొంత యాంప్ లోపలే ఉండే సబ్‌వూఫర్ కొందామని డబ్బులు పక్కన పెట్టి, మూడు చోట్ల ఆగిపోయాడు. వైరు ఎక్కడి నుంచి తీయాలి? పెద్దది ఒకటి కొనాలా, చిన్నవి రెండా? మూసిన పెట్టెనా, పోర్టు (గాలి పోయే గొట్టం) ఉన్నదా? నన్ను అడిగేవాళ్లు ఎక్కువగా ఆగేది ఈ మూడింటి దగ్గరే.

ముందు డీజే సంగతి. బరాత్‌లోనో, వినాయక నిమజ్జనంలోనో ఛాతీ మీద గుద్దే దెబ్బ ఎక్కువగా 50 నుంచి 100 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని అదుర్లో ఆ లెక్క, అంకె తగ్గేకొద్దీ స్వరం కిందికి) మధ్య ఉంటుంది. బజారంతా వినపడాలంటే బాక్సులను అలాగే కట్టాలి. ఇంట్లో మనకు తక్కువైంది దాని కిందిది. నాలుగు తీగల బేస్ గిటార్ అడుగు స్వరం 41 హెర్ట్జ్, పియానో ఎడమ చివరి మెట్టు 27.5. బుక్‌షెల్ఫ్ స్పీకర్లలో చాలావరకు 50, 60 దగ్గరే చేతులెత్తేస్తాయి. ఆ మిగిలిన ముక్కను నింపడమే సబ్ పని. అది కూడా శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో వేలు పెట్టి చూపించలేనట్టు నింపాలి.

ముందు గదిని కొలవండి

ఎంపికలో సగం మీ గదే చేసేస్తుంది. మన నల్లగొండ, పాలమూరు వైపు ఇళ్లు ఇటుక గోడ, రెండు పక్కలా సిమెంటు పూత, పైన స్లాబ్, కింద గ్రానైటో షాబాద్ బండలో. అమెరికాలో సబ్‌ల మీద రివ్యూలు రాసేవాళ్ల గదులు ఎక్కువగా చెక్క ఫ్రేముకు జిప్సం బోర్డు కొట్టినవి. ఆ గోడలు కాస్త ఊగి కొంత బేస్‌ను మింగుతాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మన గోడలు ఊగవు, బేస్ లోపలే తిరుగుతుంది. అందుకే అక్కడ "చిన్నది, సరిపోదు" అని రాసిన సబ్ మన పడకగదిలో నేలను కదిలిస్తుంది. అదే కారణంతో కొన్ని స్వరాలు గదిలో నిలబడిపోయి బుంయ్‌మంటాయి, కొన్ని మాయమైపోతాయి.

ఏ స్వరాలు నిలబడతాయో తెలుసుకోవడానికి టేపు, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. 563ని గది పొడవుతో, అడుగుల్లో, భాగించండి. వచ్చిన అంకె ఆ దిశలో మొదట నిలబడే హెర్ట్జ్. నా హాలు 14 అడుగుల పొడవు, 11 వెడల్పు, 10 ఎత్తు. లెక్కవేస్తే 40, 51, 56. మూడూ సబ్ పనిచేసే చోటే ఉన్నాయి. మే నెలలో గాలి వేడెక్కి శబ్దవేగం పెరిగితే ఇవి ఒకటి రెండు హెర్ట్జ్ పైకి జరుగుతాయి, దానికి టెన్షన్ పడకండి. టెన్షన్ పడాల్సింది గది చదరంగా ఉన్నప్పుడు. 12 × 12 గదిలో పొడవుదీ వెడల్పుదీ ఒకే 47 మీద పడి, ఆ ఒక్క స్వరం రెట్టింపు కోపంతో వస్తుంది.

కూర్చునే చోటు కూడా చూసుకోండి. గదికి సరిగ్గా నడుమ కూర్చుంటే మొదటి స్వరం దాదాపు వినపడదు. సోఫా వెనక గోడకు ఆనించి కూర్చుంటే అదే స్వరం ఎక్కువై మీద పడుతుంది. మన హాళ్లలో సోఫా గోడకు ఆనకుండా ఉండటం అరుదని నాకూ తెలుసు. ఒక్క రెండడుగులు ముందుకు లాగి చూడండి, పైసా ఖర్చు లేదు.

కర్టెన్లు, గోడలకు అంటించే గుడ్డు ట్రే ఆకారం ఫోమ్ బేస్‌ను ఆపవు. 40 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. రెండంగుళాల స్పాంజిని అది చూడను కూడా చూడదు.

గది తర్వాత చూడాల్సినవి ఇంకో నాలుగు. మీ యాంప్ వెనక ఏ సాకెట్లున్నాయి? మీరు వినేది పాటలేనా, సినిమాలు కూడానా? గోడ అవతల, స్లాబ్ పైన ఎవరుంటారు? పాడైతే బాగుచేయించడానికి ఎంత దూరం మోయాలి? చివరిది తేలికగా తీసుకోకండి. పెద్ద బ్రాండ్ల సర్వీసు కోసం మనం నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్లు హైదరాబాద్ పోవాల్సిందే. సబ్‌లో ముందుగా పోయేది ఎక్కువగా వెనకున్న యాంప్ ప్లేటు. స్క్రూలు విప్పి ఆ ప్లేటు ఒక్కటే తెస్తే తీసుకుంటారా, మొత్తం పెట్టె తేవాలా అని కొనేముందే అడగండి. సంచిలో వేసుకుని బస్సెక్కడం వేరు, 25 కిలోల పెట్టెకు కారు కట్టించుకోవడం వేరు.

వైరు ఎక్కడి నుంచి: మూడు దారులు

పట్టికకు ముందు కొన్ని మాటలు. ప్రీ అవుట్ అంటే యాంప్ వెనక, వాల్యూమ్‌తో పాటే పెరిగీ తగ్గే సంకేతం ఇచ్చే సాకెట్. ఏవీఆర్ అంటే సినిమాల కోసం ఎక్కువ స్పీకర్లను నడిపే రిసీవర్. హై పాస్ అంటే అడుగు స్వరాలను ఆపి పైవాటినే పోనిచ్చే కోత, డీఎస్‌పీ అంటే అలాంటి కోతలను డిజిటల్‌గా చేసే డబ్బా. క్లాస్ డీ అంటే కరెంటు తక్కువ తాగే స్విచ్చింగ్ రకం యాంప్. హమ్ అంటే పాట లేకున్నా వచ్చే మోత.

| చూసేది | స్పీకర్ టెర్మినళ్ల నుంచి | ప్రీ అవుట్ నుంచి | స్పీకర్ల బేస్ కోసేసి |
|---|---|---|---|
| ఏ యాంప్‌కు | దాదాపు అన్నింటికీ, కొన్ని క్లాస్ డీ వాటితో జాగ్రత్త | ప్రీ అవుట్ లేదా సబ్ అవుట్ ఉంటే | ఏవీఆర్, హై పాస్ ఉన్న స్ట్రీమింగ్ యాంప్, లేదా విడి డీఎస్‌పీ |
| స్పీకర్లకు బరువు తగ్గుతుందా | తగ్గదు | తగ్గదు | బాగా తగ్గుతుంది |
| సబ్ ఏ స్వరం దాకా (కోత) | 35–60 హెర్ట్జ్ | 40–70 హెర్ట్జ్ | 80 చుట్టుపక్కల |
| హమ్ బెడద | సాధారణంగా తక్కువ | పొడవాటి కేబుల్‌తో ఎక్కువ | మధ్యస్తం |
| సెట్టింగుకు | ఓపికున్న చెవి | ఓపికున్న చెవి | కొలిచే మైకు ఉంటే మేలు |

మొదటి దారిని ఇంటింటికీ పరిచయం చేసింది వేల్స్‌లో 1990లో మొదలైన రెల్ కంపెనీ. యాంప్ నుంచి స్పీకర్లకు పోయే టెర్మినళ్ల మీదే ఇంకో సన్నని వైరు బిగించి సబ్‌కు తీసుకుపోతారు. సబ్ ఆ వైరు నుంచి కరెంటు లాగదు, సంకేతం మాత్రమే వింటుంది. కాబట్టి యాంప్‌కు బరువేమీ పడదు. వాల్వ్ యాంప్ (గాజు గొట్టాలతో నడిచే రకం) అయినా, వెనక ప్రీ అవుట్ లేని పాత ఇంటిగ్రేటెడ్ అయినా ఈ దారి పనిచేస్తుంది. మీ యాంప్ స్వభావం ఎలా ఉంటే సబ్‌కు అదే వెళ్తుంది, అందుకే పాటలు మాత్రమే వినేవాళ్లకు ఇది నచ్చుతుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని క్లాస్ డీ యాంప్‌లలో, బ్రిడ్జ్ చేసినవాటిలో (రెండు యాంప్‌లు కలిసి ఒకే స్పీకర్‌ను నడిపేవి) నల్ల టెర్మినల్ గ్రౌండ్ కాదు, అందులోనూ సంకేతం ఉంటుంది. వాటికి సబ్ నల్ల వైరు తగిలిస్తే యాంప్ పోవచ్చు. మాన్యువల్‌లో చూశాకే చెయ్యి పెట్టండి.

రెండో దారి గురించి చెప్పేది కొంచెమే. ప్రీ అవుట్ ఉంటే ఆర్‌సీఏ కేబుల్ వేసి సబ్‌లో గుచ్చడమే. కాకపోతే వెనకున్నది నిజంగా ప్రీ అవుటేనా చూసుకోండి. రికార్డ్ అవుట్‌కో, ఫిక్స్‌డ్ లైన్ అవుట్‌కో గుచ్చితే మీరు వాల్యూమ్ తగ్గించినా సబ్ తగ్గదు. ఇలా గుచ్చుకుని "సబ్ పిచ్చిదైంది" అని ఫోన్ చేసినవాళ్లు నాకు ఇద్దరున్నారు.

మూడో దారి దగ్గర కాసేపు ఆగాలి. పై రెండింటిలో స్పీకర్లు ఎప్పటిలాగే మొత్తం పాట మోస్తాయి, సబ్ కింద తోడుగా వస్తుంది. ఇందులో స్పీకర్ల నుంచి 80 హెర్ట్జ్ కిందిది తీసేసి పూర్తిగా సబ్‌కే ఇస్తారు. దీనివల్ల ఏం ఒరుగుతుందంటే, ఒక స్వరాన్ని అంతే గట్టిగా ఒక ఆక్టేవ్ కింద, అంటే సగం హెర్ట్జ్ దగ్గర, వాయించాలంటే స్పీకర్ కోన్ నాలుగు రెట్లు దూరం కదలాలి. ఐదంగుళాల కోన్‌కు ఆ కష్టం తప్పిస్తే గాయకుడి గొంతు తేటపడుతుంది. బుక్‌షెల్ఫ్ వాళ్లకు సబ్ వల్ల వచ్చే అసలు లాభం ఇదే అంటాను, బేస్ దాని తర్వాతే.

ఏవీఆర్‌లో దీనికి స్పీకర్లను "స్మాల్" అని పెట్టాలి. మనవాళ్లకు ఇక్కడ మనసొప్పదు. లక్షలు పోసి కొన్న టవర్ స్పీకర్‌ను చిన్నది అంటావా అని. అది పరువుకు సంబంధించిన మాట కాదు, కోత ఎక్కడో చెప్పే బటన్ మాత్రమే. 80 అనే అంకె సినిమా ధ్వనికి కొలతలు పెట్టే టీహెచ్‌ఎక్స్ ప్రమాణం నుంచి వచ్చింది. దానికి పైన ఉంచితే చెవి సబ్ ఎక్కడుందో పసిగట్టడం మొదలుపెడుతుంది. విడిగా మినీడీఎస్‌పీ లాంటి డబ్బా పెట్టి కూడా ఇదే చేయొచ్చు. కానీ దానికి ప్రీ, పవర్ యాంప్‌లు వేరువేరుగా ఉండాలి, లేదా ఇంటిగ్రేటెడ్ వెనక మెయిన్ ఇన్ (పవర్ భాగానికి నేరుగా పోయే సాకెట్) ఉండాలి. రికార్డు ప్లేయర్ మీదే ప్రాణం పెట్టుకున్నవాళ్లకు, పాట మధ్యలో డిజిటల్ అయిపోతుందంటే మింగుడుపడదు. వాళ్లతో నేను వాదించను, మొదటి దారిలో పొమ్మంటాను.

ఒకటా, రెండా

మొదటి సబ్ తెచ్చుకున్న రోజు దాన్ని టీవీ పక్క మూలలో పెట్టాను, అక్కడే ఖాళీ ఉంది కాబట్టి. బేస్ గిటార్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి దిగుతుంటే రెండు మెట్లు వినపడి, మూడో మెట్టు గోడలు దద్దరిల్లి, నాలుగోది లేనే లేదు. మరుసటి ఆదివారం పాత చిట్కా పట్టాను. 18 కిలోల పెట్టెను నేను కూర్చునే సోఫా మీదికి ఎక్కించి, బేస్ ఉన్న పాట ఒకటి తిప్పితిప్పి పెట్టి, గోడల వెంట చేతులూ మోకాళ్ల మీద పాకుతూ విన్నాను. అమ్మ వంటింటి దర్వాజలో నిలబడి "ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా?" అంది. టీవీ మూల దగ్గర ఒక్కటే బుంయ్. దేవుడి అర్ర పక్కన చప్పుడే లేదు. కిటికీ కింద, మూల నుంచి మూడున్నర అడుగుల దూరంలో నాలుగు మెట్లూ ఒకే బరువుతో వచ్చాయి. సబ్‌ను అక్కడికి దించాను. ఆ రోజు నుంచి అదే దాని స్థానం.

అయితే ఆ స్థానం నా కుర్చీకే సరి. పక్కన దీవాన్ మీద కూర్చున్న మా తమ్ముడికి మళ్లీ రెండు మెట్లు తక్కువ. రెండో సబ్ అవసరం ఇక్కడే పుడుతుంది. ఆడియో కంపెనీ హార్మన్‌లో పనిచేసిన టాడ్ వెల్టీ 2002లో ఈ లెక్క మీదే ఒక పరిశోధనాపత్రం సమర్పించాడు. ఎదురెదురు గోడల నడుమ ఒక్కోటి చొప్పున రెండు సబ్‌లు పెడితే అన్ని కుర్చీలకూ బేస్ దాదాపు సమానంగా అందుతుందని, నాలుగు గోడల నడుమా నాలుగు పెడితే ఇంకా మేలని తేల్చాడు. ఒకటి నిలబెట్టిన స్వరాన్ని ఎదుటిది పడగొడుతుంది.

అదే డబ్బుకు పన్నెండంగుళాలది ఒకటి వస్తుందా, ఎనిమిదో పదో అంగుళాలవి రెండు వస్తాయా అంటే, మన స్లాబ్ హాళ్లలో నేను రెండింటి వైపే. పెద్దది ఇచ్చే అదనపు బలం మన మూసిన గదిలో ఎలాగూ మిగిలిపోతుంది, సమానత్వమే మనకు కొరత. గదిలో ఒక్కరే, ఒక్క కుర్చీలోనే వింటారంటే మాత్రం ఒకటి చాలు. మిగిలిన డబ్బుతో కొలిచే యూఎస్‌బీ మైకు కొనండి, గది శబ్దాన్ని గ్రాఫ్‌గా గీసే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ ఉచితమే. గ్రాఫ్‌లో లేచిన శిఖరాలను ఈక్వలైజర్‌తో కోయండి. గుంతలను మాత్రం ఈక్వలైజర్‌తో నింపాలని చూడకండి. అది నీళ్లు లేని బోరులోకి పెద్ద మోటారు దించడమే. మోటారు కాలుతుంది, నీళ్లు రావు.

మూసిన పెట్టెనా, పోర్టు ఉన్నదా

దీనికి అంత చర్చ అక్కర్లేదు. మూసిన పెట్టె కిందికి పోతున్నకొద్దీ మెల్లగా, ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. తలుపులు వేసిన కాంక్రీటు గది ఆ అడుగు స్వరాలను తనంతట తాను పైకెత్తుతుంది. రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. పోర్టు ఉన్నది 20, 25 దాకా గట్టిగా నిలబడి, అక్కడి నుంచి ఆక్టేవ్‌కు 24 చొప్పున ఒక్కసారిగా పడిపోతుంది. పైగా పెట్టె పెద్దది. సినిమా పేలుళ్లు ముఖ్యమై, హాలు వంటింటికీ వరండాకూ తెరుచుకుని ఉంటే పోర్టు ఉన్నది తీసుకోండి, ఎందుకంటే ఆ గది ఎత్తే సాయం తలుపుల్లోంచే పోతుంది. మిగతా అందరికీ మూసినదే నా మాట.

కలిపాక వచ్చే గోల

రెండో సబ్ పెట్టిన రోజు నా ఇంట్లో పాట ఆపినా "మ్‌మ్‌మ్" అని మోగుతూనే ఉంది. 50 హెర్ట్జ్ హమ్. ఇల్లు చూసిన ఒక ఎలక్ట్రీషియన్ "ఎర్త్ పిన్ కట్ చేస్తే పోతది సార్" అన్నాడు. పోతుంది, రేపు పెట్టెకు కరెంటు దిగితే మనమూ పోతాం. ఆ పని చేయకండి. ఒక్కో కేబుల్ పీకుతూ పోయాను. టీవీ డబ్బాకు వచ్చే కేబుల్ కనెక్షన్ వైరు తీయగానే హమ్ ఆగిపోయింది. అది వీధిలో వేరే చోట ఎర్త్ అయి ఉంటుంది, మన ఎర్త్‌తో కలిసి చుట్టు తిరుగుతుంది. దాని దారిలో చిన్న ఐసోలేటర్ (ఎర్త్ కలవకుండా సంకేతాన్ని మాత్రమే పోనిచ్చేది) పెట్టడంతో తీరింది. యాంప్, సబ్‌లు అన్నీ ఒకే గోడ సాకెట్ నుంచి ఇవ్వడం మొదటి మందు. మన రాతి నేలల్లో ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది కూడా, ఏప్రిల్ నుంచి దాంట్లో రెండు బిందెలు పోయిస్తుండండి.

హమ్ పోయాక ఫేజ్ చూడాలి, అంటే సబ్, స్పీకర్లు ఒకేసారి ముందుకూ వెనక్కూ కదులుతున్నాయా అన్నది. కోత పెట్టిన స్వరాన్ని, అంటే 80 అయితే 80నే, స్పీకర్లు సబ్ కలిపి వాయించండి. ఎవరినైనా సబ్ వెనక ఫేజ్ స్విచ్ 0కీ 180కీ మార్చమని, మీరు కుర్చీలో వినండి. ఏది గట్టిగా ఉంటే అది ఉంచండి. ఆ తర్వాత 20 నుంచి 100 దాకా మెల్లగా పాకే స్వరం ఒకటి పెట్టి ఇల్లంతా తిరగండి. నా ఇంట్లో 43 దగ్గర బీరువా తలుపు, 58 దగ్గర సజ్జ మీది స్టీలు బిందెలు పాడాయి. బిందెల మధ్య పాత చీర ముక్కలు దూర్చడంతో సబ్ నాణ్యత పెరిగింది!

ఎవరికి ఏది

వాల్వ్ యాంపో, రికార్డు ప్లేయరో ఉండి, స్పీకర్లు ఇప్పటికే 45 దాకా దిగుతుంటే, స్పీకర్ టెర్మినళ్ల నుంచి వైరు, మూసిన చిన్న సబ్‌లు రెండు. కోత 40 దగ్గర మొదలుపెట్టి పైకి రండి, కింది నుంచి పైకి మాత్రమే.

పాటలు, సినిమాలు ఒకే హాలులో, ఇంటిల్లిపాదీ కూర్చుంటారంటే ఏవీఆర్, 80 దగ్గర కోత, ఎదురెదురు గోడలకు రెండు. సినిమాల్లో సబ్‌కంటూ వేరే ట్రాకే ఉంటుంది, దాన్ని మొదటి రెండు దారులు సరిగా అందుకోలేవు.

మహబూబ్‌నగర్‌లోనో సూర్యాపేటలోనో అద్దెకు ఉంటూ, పైవాటాలో ఓనర్ ఉంటే ఒక్క చిన్న మూసిన సబ్ చాలు, కింద మందపాటి రబ్బరు ప్యాడ్. మేడ మీది వాటా అయితే ఆ ప్యాడ్ లేకుండా అసలు పెట్టకండి, స్లాబ్ మొత్తం సబ్ అయిపోతుంది. ప్యాడ్ స్లాబ్‌లోకి దిగే అదురునే ఆపుతుంది, గాలిలో పోయే బేస్‌ను ఆపదు. రాత్రి తొమ్మిది దాటాక సబ్ స్విచ్ ఆపడం ఒక్కటే దానికి దారి. ఆరు నెలల్లో ఇల్లు మారతారని తెలిస్తే ఇప్పుడు కొనొద్దు, కొత్త గదిని కొలిచాకే కొనండి.

పాత స్పీకర్లు అమ్మి, సబ్ బదులు పెద్ద టవర్లు కొందామా అని అడిగేవాళ్లూ ఉంటారు. టవర్లు గొంతు బాగా వినపడే చోట నిలబడాలి, బేస్ బాగా వచ్చే చోటు ఎక్కువగా ఇంకెక్కడో ఉంటుంది. సబ్‌ను అక్కడికి జరపొచ్చు, టవర్‌ను జరపలేం.

మిర్యాలగూడ మిత్రుడి హాలు 16 × 12. లెక్కవేస్తే 35, 47. అతని యాంప్‌కు ప్రీ అవుట్, మెయిన్ ఇన్ రెండూ ఉన్నాయి కాబట్టి మూడో దారికి తలుపు తెరిచే ఉంది. రెండు సబ్‌లు ఒకేసారి కొనే డబ్బు లేక, పదంగుళాల మూసినది ఒకటి తెచ్చుకుని ఇప్పటికి టెర్మినళ్ల నుంచే కలిపాడు. మొన్న మళ్లీ ఫోన్: "అన్నా, సబ్ ఆపితే తెలుస్తుంది గానీ, నడుస్తుంటే ఉన్నట్టే లేదు. పాడైందా?" లేదు, వాల్యూమ్ అక్కడే ఉంచు, దసరాకు అదే మోడల్ రెండోది తెచ్చుకో అన్నాను.